ట్రంకు పెట్టెలో మిగిలిన ఊలు, లేసు దారాలతో పండుగల లోపు ఏమేమి అల్లవచ్చు?

రాజోలు కోడలు అడుగుతున్నారు:

అందరికీ నమస్కారం. పదేళ్లుగా అటక మీదే ఉండిపోయిన మా అత్తగారి ట్రంకు పెట్టెను మొన్న కార్తీక మాసం వెళ్లగానే దింపి తెరిచాము. మామగారు ఉద్యోగరీత్యా నాగపూరులో ఉన్న రోజులలో ఆవిడ అల్లగా మిగిలిన ఊలు ఉండలు, నరసాపురంలో ఉండే మా పెద్దాడపడుచు ఇంటి నుంచి ఎప్పుడెప్పుడో వచ్చి చేరిన లేసు దారపు ఉండలు అందులో కలగాపులగంగా ఉన్నాయి. వంటింటి త్రాసు మీద పెట్టి చూస్తే ఊలు మొత్తం 740 గ్రాములు తూగింది. రంగులు పదకొండు ఉన్నప్పటికీ ఏ ఒక్కటీ 90 గ్రాములకు మించలేదు, కొన్నయితే 15 గ్రాముల చిన్న ఉండలే. చీటీలు చాలావరకు ఊడిపోయినందువల్ల ఏది అసలు ఊలో, ఏది కృత్రిమమైన దారమో నాకు తెలియడం లేదు. పైగా పెట్టెలో వేసిన కలరా ఉండల వాసన ఇల్లంతా కమ్ముకుంది.

నా ఉద్దేశం ఏమిటంటే, ఈసారి పండుగలకు ఎవరికీ బజారులో కొన్న వస్తువు ఇవ్వకుండా ఈ పెట్టెలో ఉన్నదానితోనే ఏదో ఒకటి స్వయంగా అల్లి ఇవ్వాలని. క్రిస్మస్‌కు ఎదురింటి పిన్నిగారికి, మా అమ్మాయి టీచరుగారికి ఇవ్వాలి. సంక్రాంతికి ఇద్దరు ఆడపడుచులు, మా అమ్మ, మా తోటికోడలి రెండేళ్ల పాప వస్తారు. పాపకు ఈ ఏడు భోగిపళ్లు పోస్తున్నాము. వీరందరికంటే ముందు, ధనుర్మాసపు మంచులో తెల్లవారుజామునే స్కూటరు మీద రొయ్యల చెరువు గట్టుకు వెళ్లే మా మామగారికి చెవులు కప్పే టోపీ కావాలి. రాత్రి భోజనాలయ్యాక నాకు దొరికేది రెండు గంటలు మాత్రమే.

రెండు సూదులతో అల్లడం, లేసు సూదితో అల్లడం రెండూ నాకు ఓ మోస్తరుగా వచ్చు. కాని నిరుడు ఒక శాలువా మొదలుపెట్టి, సగం దాటాక దారం అయిపోతే అదే నంబరు చెప్పి మరో ఉండ తెప్పించుకున్నాను. అది వేరే తడవ రంగు వేసిన దారం కావడంతో, అల్లాక చూస్తే శాలువా నడుమ గీత గీసినట్టు తేడా కనిపించింది. ఆ శాలువా ఇప్పటికీ సంచిలోనే ఉంది. మిగులు దారంతో పని చేసేటప్పుడు ఇటువంటి అవస్థ రాకుండా ఎలా చూసుకోవాలి? చిన్న చిన్న చతురస్రాలు అల్లి, వాటిని కలిపి మా అమ్మకు దుప్పటి చేయాలన్న ఆలోచన సరైనదేనా? అసలు మన ఉక్కపోతల ప్రాంతంలో ఊలు బహుమతి ఇస్తే ఎవరైనా వాడతారా?

కాకినాడ మాస్టారమ్మ జవాబు:

అమ్మా, ముందుగా దారాల జాతి తేల్చుకోండి, ఎవరికి ఏమి ఇవ్వాలన్నది ఆ తరువాత. ప్రతి ఉండ నుంచి జానెడు పోగు కత్తిరించి, నీళ్లు పోసిన పళ్లెం మీద పట్టకారుతో పట్టుకొని నిప్పు అంటించి చూడండి. అసలు ఊలయితే అంత సులువుగా అంటుకోదు. వెంట్రుకలు కాలిన వాసన వేస్తుంది, మంట తీయగానే ఆరిపోతుంది, మిగిలిన మసి వేళ్ల మధ్య నలిపితే పొడి అవుతుంది. అక్రిలిక్ అనే కృత్రిమ దారం అయితే కరిగి ముడుచుకుపోయి, చల్లారాక నల్లని గట్టి పూసలాగా మిగులుతుంది. నూలు అయితే కాగితం కాలిన వాసనతో మంట తీశాక కూడా కాలుతూనే ఉండి, మెత్తని బూడిద అవుతుంది. రెండు లక్షణాలూ కలిసి కనిపిస్తే అది మిశ్రమ దారం. ఈ పరీక్షను పిల్లలు లేనప్పుడు, ఫ్యాను ఆపి చేయండి.

రెండవది, పోగును రెండు చేతులతో పట్టుకొని చిన్నగా లాగి చూడండి. పురుగు కొట్టిన ఊలు, పాతబడి పస తగ్గిన దారం పుటుక్కున తెగుతాయి. అటువంటి దానితో అల్లిన వస్తువు మొదటి ఉతుకుకే విడిపోతుంది, కనుక ఎంత ముచ్చటైన రంగయినా పక్కన పెట్టేయండి. గట్టిగా ఉన్నవాటిని కుర్చీ వీపుకు చుట్టి చిలపలుగా చేసి, నాలుగు చోట్ల వదులుగా కట్టి, గోరువెచ్చని నీటిలో కొద్దిగా కుంకుడుకాయ రసం కలిపి ముంచి తీయండి. పిండకూడదు, తువ్వాలులో చుట్టి అదిమి, నీడలో ఆరవేయండి. దీనితో కలరా ఉండల వాసన చాలావరకు పోతుంది, వాసన ఇంకా ఉంటే మరో నాలుగు రోజులు గాలికి వదిలేయాలి. తెలుపు రంగుకు మాత్రం కుంకుడుకాయ వద్దు, మా ఇంట్లో ఒకసారి పసుపు జీర పట్టింది. ఎరుపు, మెరూను చిలపలను తడిగా ఉండగానే తెల్లని గుడ్డలో అదిమి చూడండి. గుడ్డకు రంగు దిగితే వాటిని తెలుపుతో కలిపి అల్లవద్దు.

ఇక దారం సరిపోతుందా లేదా అన్న భయానికి మందు మీ వంటింటి త్రాసే. మెడకు కట్టుకొనే త్రికోణపు స్కార్ఫు అల్లుతున్నారనుకుందాం. ఒక మూల నుంచి మూడు కుట్లతో మొదలుపెట్టి, ఒకే అంచున కొన్ని వరుసలకు ఒక్కొక్క కుట్టు చొప్పున పెంచుకుంటూ పోవాలి. ఉండ 80 గ్రాములయితే, మిగిలిన ఉండ త్రాసు మీద 41 గ్రాములు చూపించగానే పెంచడం ఆపి, పెంచిన లెక్కలోనే తగ్గించుకుంటూ రావాలి. చివరికి చేతిలో బారెడు దారం మిగులుతుంది, ఒక్క గ్రాము కూడా కొనవలసిన పని ఉండదు. తిన్నని పట్టీలు అల్లేటప్పుడు, ఒక వరుసకు వెడల్పుకు దాదాపు మూడు రెట్ల దారం పడుతుందని గుర్తుంచుకోండి. ఆఖరున కుట్లు మూసే వరుసకు నాలుగు రెట్లు అట్టేపెట్టుకుంటే ఇబ్బంది ఉండదు.

పాప టోపీకి ముందుగా ఒక చిన్న ముక్క అల్లి 10 సెంటీమీటర్లకు ఎన్ని కుట్లు వస్తున్నాయో లెక్కపెట్టండి. చాలామంది ఈ పని దండగ అనుకుంటారు, తరువాత మొత్తం విప్పుకుంటారు. 20 కుట్లు వచ్చాయనుకోండి. రెండేళ్ల పిల్ల తల చుట్టుకొలత సుమారు 48 సెంటీమీటర్లు ఉంటుంది, టోపీ సాగి పట్టాలి కనుక 5 సెంటీమీటర్లు తగ్గించి 43 అనుకుంటే 86 కుట్లు అవుతాయి. అంచున రెండు నిట్ (సూటి కుట్లు), రెండు పర్ల్ (తిరగ కుట్లు) వేయడానికి నాలుగుతో భాగించబడాలి కనుక 84 పెట్టుకోండి. నెత్తి భాగం దగ్గరకు వచ్చాక ఆ 84ను ఏడు భాగాలు చేస్తే ఒక్కొక్కటి 12 కుట్లు. వరుస విడిచి వరుసలో ప్రతి భాగానికీ ఒకసారి రెండు కుట్లు కలిపి తీస్తే, పదకొండు సార్లకు ఏడు కుట్లు మిగులుతాయి. వాటిలోంచి దారం గుచ్చి బిగించేయడమే. మొత్తం 40 గ్రాముల లోపు అయిపోతుంది.

చతురస్రాల దుప్పటి ఆలోచన నాకు నచ్చింది. చిన్న ఉండలన్నీ ఖర్చవుతాయి, వేళ్లకు విసుగు ఉండదు.

నరసాపురం లేసు ఇంటి ఆడపిల్ల జవాబు:

మాస్టారమ్మగారు చెప్పిన తూకం లెక్క అక్షరాలా నిజం. మా అమ్మ, అమ్మమ్మ లేసు అల్లిన రోజులలో షావుకారు మనిషి దారం తూచి ఇచ్చి, అల్లిన ముక్కలు మళ్లీ తూచి తీసుకొనేవాడు. కనుక గ్రాముల లెక్క మా ఇంట్లో పప్పు ఉప్పుల లెక్కకంటే ముందు వచ్చింది. కాని దుప్పటి విషయంలో మాత్రం పెద్దవారితో విభేదించక తప్పడం లేదు, మన్నించాలి.

మా వైపు లేసు పనిలో చేతిపని వేరు, అతుకుపని వేరు. పూలు, చక్రాలు విడివిడిగా అల్లడం చేతిపని. ఆ ముక్కలన్నిటినీ చేర్చి బల్లగుడ్డగానో మంచం దుప్పటిగానో చేయడం అతుకుపని. తరచుగా ఈ రెండు పనులూ ఒకే మనిషి చేసేది కాదు. చూసేవారికి పూలే కనిపిస్తాయి గాని, వస్తువు నిలిచేదీ వంకర పోయేదీ అతుకు దగ్గరే. ఇప్పుడు మీ దుప్పటి లెక్క వేయండి. 10 సెంటీమీటర్ల చతురస్రాలు అడ్డంగా 8, నిలువుగా 8 అనుకుంటే 64 ముక్కలు. అంతా చేస్తే 80 సెంటీమీటర్ల చదరం, ఒళ్లో కప్పుకోవడానికి సరిపోయే గుడ్డ, అంతే. ప్రతి ముక్కకూ మొదటా చివరా రెండు కొసలు చొప్పున 128 కొసలు సూదితో లోపలికి దాచాలి. అతుకు వేయవలసిన గీతలు అడ్డంగా ఏడు, నిలువుగా ఏడు, ఒక్కొక్కటి 80 సెంటీమీటర్లు, అంటే 11 మీటర్లకు పైగా కుట్టుపని. పైగా మీ ఉండలు ఒకటి లావు, ఒకటి సన్నం కనుక ముక్కలు ఒకే కొలతకు రావు. రోజుకు రెండు గంటలతో ఇది సంక్రాంతికి కాదు, ఉగాదికి కూడా అనుమానమే. మా పిన్ని పెళ్లికి మొదలైన అటువంటి దుప్పటి ఒకటి ఆవిడ కూతురు బడికి వెళ్లే నాటికి పూర్తయింది.

అందువల్ల, అతుకు లేని వస్తువులు ఎంచుకోండి. చిన్న ఉండలను ఖర్చు పెట్టాలంటే రెండు వరుసలకొక రంగు చొప్పున చారలు వేయవచ్చు. రెండేసి వరుసలయితే దారం మళ్లీ అదే అంచుకు వస్తుంది, కనుక కత్తిరించకుండా పక్కనే పైకి తీసుకుపోవచ్చు. సన్నని దారాలు రెండు కలిపి పట్టుకొని 5 మిల్లీమీటర్ల సూదులతో అల్లితే రంగులు కలనేతలాగా కలిసిపోతాయి, పని కూడా త్వరగా సాగుతుంది. అసలు ఊలయితే కొసలను కొంచెం విప్పి, తడి చేసి, రెండు అరచేతుల మధ్య గట్టిగా రుద్దితే ముడి లేకుండా అతుక్కుంటాయి. అక్రిలిక్‌కు, యంత్రంలో ఉతకడానికి తగినట్టు తయారు చేసిన ఊలుకు ఈ పద్ధతి పనికిరాదు.

మన ప్రాంతంలో ఊలు వాడతారా అని అడిగారు. ధనుర్మాసం మొదలుకొని కనుమ వరకు తెల్లవారుజామున వాడతారు, ఆ తరువాత మళ్లీ ట్రంకు పెట్టెలోకే. అందుకే మామగారికి, పాపకు తప్ప మిగిలినవారికి మీ దగ్గర ఉన్న లేసు దారమే ఎక్కువ పనికివస్తుందని నా అభిప్రాయం. ఆ ఉండల మీద 20, 40 అని అంకెలు ఉంటాయి, అంకె పెరిగే కొద్దీ దారం సన్నం. 40 నంబరు చూపుకు అందంగా ఉంటుంది గాని, రాత్రి దీపం వెలుతురులో తెల్లదారంతో అది అల్లితే కళ్లు లాగుతాయి. మీరు 20 నంబరు తీసుకోండి. చేతిరుమాలుకు నాలుగు వైపులా సన్నని అంచు, దిండు గలీబుకు ఒక వైపు అంచు, తాంబూలం పెట్టి ఇవ్వడానికి మూతికి తాడున్న చిన్న సంచి, క్రిస్మస్‌కు కిటికీలో వేలాడదీసే నక్షత్రం, వీటిలో ఏదీ నాలుగు రాత్రులకు మించి పట్టదు. అంచును నేరుగా గుడ్డ మీదే ఎక్కించి అల్లితే అతుకుపని కూడా ఉండదు.

ఈ లేసు మన గోదావరి ఒడ్డున మొదట పుట్టినది కాదు. స్కాట్లండ్ నుంచి వచ్చిన మెక్రే దంపతులు 1844లో ఇక్కడి స్త్రీలకు నేర్పారని చెబుతారు. నరసాపురం, పాలకొల్లు చుట్టుపక్కల ఊళ్లలో అరుగుల మీద తరతరాలుగా అల్లుతూ వచ్చిన ఆ పనికి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఇన్నేళ్లూ ఎక్కువగా సముద్రాలు దాటి పరాయి దేశాల భోజనాల బల్లల మీదికి వెళ్లిన దారంతో, మీరు మీ ఎదురింటి పిన్నిగారి కిటికీకి నక్షత్రం కడుతున్నారంటే మా అమ్మ సంతోషిస్తుంది.

భీమవరం పిల్ల, ప్రస్తుతం హైదరాబాదు, జవాబు:

బహుమతులు పుచ్చుకొనే వైపు నుంచి రెండు మాటలు చెబుతాను అక్కయ్యా. మా వదినగారు నాకు ఊలుతో ముద్దుగా అల్లిన, వేడి గిన్నెలు దించుకొనే చుట్ట ఒకటి ఇచ్చారు. పులుసు గిన్నెను పొయ్యి మీద నుంచి తీసి దాని మీద పెట్టాను. గిన్నె ఎత్తేసరికి చుట్టలో సగం గిన్నె అడుగునే అంటుకుపోయి వచ్చింది. అది అక్రిలిక్ అని ఇద్దరికీ తెలియలేదు. వంటింట్లో వేడి తగిలే వస్తువు ఏదైనా నూలుతోనే అల్లండి, మందం కోసం రెండు పొరలు వేయండి. అలాగే అక్రిలిక్ వస్తువును చదునుగా కనిపించాలని ఇస్త్రీ చేయవద్దు. ఒక్కసారి ఆవిరి గట్టిగా తగిలితే సాగి జీవం లేనట్టు వేలాడుతుంది, మళ్లీ తిరిగి రాదు.

పాప టోపీకి పొడవైన తాళ్లు, ఊడివచ్చే గుండీలు, పూసలు వద్దు. పిల్లలు నోట్లో పెట్టుకుంటారు. ముతక ఊలు నుదుటి దగ్గర దురద పెడుతుంది కనుక పాపకు మెత్తని అక్రిలికే నయం. ఇచ్చే ప్రతి వస్తువుతోపాటు ఎలా ఉతకాలో ఒక చీటీ మీద రాసి పెట్టండి. మా అత్తగారు ఊలు మఫ్లరును వేడినీళ్లలో వేసి గుంజితే అది బొమ్మకు సరిపోయేంతగా కుదించుకుపోయింది.

రాజోలు కోడలు:

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. నిన్న ఆదివారం వరండాలో కూర్చొని పదకొండు రంగులనూ కాల్చి చూశాము. మూడు అసలు ఊలు, ఏడు అక్రిలిక్, ఒకటి మిశ్రమం అని తేలింది. అన్నిటికంటే ఖరీదైనదని నేను పదిలంగా దాచిన మెరూను ఉండ పూసలాగా కరిగిపోగా, గోనెదారంలాగా ఉందని పారేయబోయిన బూడిదరంగు ఉండ అసలైన ఊలు అయింది. మా అత్తగారు ఆ వాసన చూసి, అది నాగపూరులో మామగారి మొదటి స్వెట్టరుకు కొన్న దారమని గుర్తుపట్టారు. అందుకని 90 గ్రాముల నీలం, 35 గ్రాముల ఆ బూడిదరంగు కలిపి, రెండు వరుసల చారలతో ఆయన మంకీ క్యాపు మొదలుపెట్టాను. కొసలు రుద్ది అతకడం బాగానే వచ్చింది. లేత గులాబి ఉండ ఒకటి లాగితే నాలుగు చోట్ల తెగింది, దాన్ని పక్కన పెట్టేశాను.

పాపకు పసుపు, తెలుపు అక్రిలిక్‌తో 84 కుట్ల టోపీ. నా ముక్కలో 10 సెంటీమీటర్లకు 21 వచ్చాయి గాని, పాప తల కొంచెం చిన్నదే కనుక లెక్క మార్చలేదు. ఆడపడుచులలో చిన్నావిడ హైదరాబాదులో ఉంటుంది కనుక ఆమెకు మెరూను త్రికోణపు స్కార్ఫు. పెద్దావిడకు, నరసాపురంలో ఉంటూ లేసు చూసి చూసి ఉన్న మనిషికి మళ్లీ లేసు ఇవ్వడం దుర్గమ్మకు నిమ్మకాయల దండ తెచ్చినట్టు అవుతుందేమోనన్న బెరుకు ఉంది, అందుకే ఆవిడకు కూడా స్కార్ఫే, ఆకుపచ్చ రంగులో. అమ్మకు దుప్పటి మానుకొని, తాంబూలం సంచి, దిండు గలీబు అంచు అనుకున్నాను. పిన్నిగారికి, టీచరుగారికి నక్షత్రాలు.

ఒక్క సందేహం మిగిలింది. మొదటి నక్షత్రం అల్లడం పూర్తయింది గాని, వేలాడదీస్తే మొనలు ముడుచుకొని తామరాకు వాడినట్టుగా ఉంది. గంజి పెట్టాలా? ఒక వీడియోలో పంచదార పాకంలో ముంచమన్నారు.

నరసాపురం లేసు ఇంటి ఆడపిల్ల:

పంచదార పాకం మన వైపు వద్దమ్మా, రెండో రోజుకే చీమలు బారు కడతాయి. అన్నం వార్చిన గంజిని పలుచని గుడ్డలో వడకట్టి, చిక్కగా అయ్యేవరకు కాచి, చల్లార్చి అందులో నక్షత్రాన్ని ముంచండి. తీసి రెండు తువ్వాళ్ల మధ్య అదిమితే కన్నాలలో పేరుకున్న గంజి పోతుంది, లేకపోతే ఆరాక తెల్లని పొరలాగా కనిపిస్తుంది. థర్మోకోల్ ముక్క మీద ప్లాస్టిక్ కాగితం పరచి, కాగితం మీద ముందే గీసుకున్న వృత్తానికి ప్రతి మొనా తగిలేలా లాగి గుండుసూదులు గుచ్చండి. ఎదురెదురు మొనలను జంటగా గుచ్చుకుంటూ పోతే వంకర రాదు. మామూలు గుండుసూదులు తడికి తుప్పు పట్టి తెల్లదారం మీద మరక వేస్తాయి, తుప్పు పట్టని స్టీలువి వాడండి. మబ్బుగా ఉన్న రోజున ఈ పని పెట్టుకోవద్దు, మన తేమకు గంజి ఆరకపోతే బూజు వాసన వస్తుంది. ఉదయం పది గంటలకు ఎండలో పెడితే సాయంత్రానికి అప్పడంలాగా నిలబడుతుంది.

పెద్దాడపడుచుగారి విషయంలో మాత్రం బెరుకు వద్దు. లేసు ఇళ్లలో అల్లినదంతా అమ్మకానికే పోయేది, మా అమ్మమ్మ చనిపోయే నాటికి ఇంట్లో ఆవిడ చేతి లేసు ముక్క ఒక్కటి కూడా లేదు. నేనే అయితే ఆవిడకు కూడా ఒక నక్షత్రం పెడతాను.